చేవెళ్ల ఐసుగడ్డ, చైనా పరకలు

ఇప్పటి పిల్లలకు చెప్తె నవ్వుతరు గని, ఆ రోజుల్ల మా దిక్కు రోడ్డు మీద ఐసుగడ్డ పోతున్నదంటె దానికి రెండే అర్థాలు. ఒకటి పెండ్లి, రెండోది సావు. పెండ్లి గడ్డ అయితె దాని ఎనుక కూల్‌డ్రింకు డబ్బాలు పోతుండె, సావు గడ్డ అయితె దాని ఎనుక మనుషులు పోతుండె. ఫ్రిజ్జు ఉన్న ఇండ్లు ఊరికి ఒకటో రెండో. దూరపు సుట్టాలు వచ్చి ఆఖరి సూపు సూసేదాక పీనుగను ఆపాలంటె చేవెళ్ల నుంచి గడ్డ తేవాల్సిందే, ఇంకో దారి లేకుండె. అందుకే గోనెసంచి కింద నుంచి నీళ్లు కారుకుంట బండి పోతుంటె అరుగుల మీద కూసున్నోళ్లు లేచి నిలవడేటోళ్లు. ఐసుగడ్డకు మూడో అర్థం కూడ ఒకటి ఉంటదని మా ఊరికి నేర్పినోన్ని నేనే. నేర్పిన అంటె గొప్పకు అనుకునేరు, నాకు తెల్వకనే నేర్పిన.

అది మా మొయినాబాద్ చుట్టుపక్కల భూములకు కంప్యూటర్ గాలి సోకిన కాలం. నిన్నటిదాక జొన్న ఏసిన చెల్కల ఇయ్యాల తెల్లటి రాళ్లు పాతుతుండె, రేపటికి దానికో ఇంగ్లీషు పేరు పెడ్తుండె. మాది చిన్న మంగళారం. మా బాపు కొత్తిమీర, క్యారెట్టు పండిస్తుండె. నేను డిగ్రీ చదివి, మెహదీపట్నంల కంప్యూటర్ కోర్సు చేసి, మాదాపూర్ల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల ట్రైనీగ కుదిరిన. అప్పటి నుంచి ఊర్ల నా అసలు పేరు మాయమైంది. "ఏం రా కంప్యూటరు, ఎప్పుడొచ్చినవ్" అనుడే. మా టీమ్ లీడు సారు కృష్ణా జిల్లా దిక్కు మనిషి, గండిపేట కాడ కొత్త ఇల్లు కొనుక్కున్నడు. మాట మాటకు 'అండి' పెడ్తడు కాబట్టి నేను మనసుల ఆయనకు 'అండీ సారు' అని పేరు పెట్టుకున్న (పైకి అనేటంత ధైర్యం ట్రైనీకి ఎక్కడిది). ఒక్క నాకే 'అండి' లేదు, నన్ను 'తమ్ముడూ' అంటుండె. గా తమ్ముడూ వింటె నాకు ఉద్యోగం పర్మనెంటు అయినట్టే అనిపిస్తుండె, అయితె కాయిదం మాత్రం ఇంక రాలె.

ఒకనాడు క్యాంటీన్ల ఎండల గురించి మాట వచ్చింది. నేను ఊకోవచ్చు గద. "మా ఊరు మస్తు చల్లగ ఉంటది సార్, చుట్టు చెట్లు, జర దూరంల చెరువు, మాకు ఫ్యాను కూడ అవసరం పడది" అన్న. (మా ఇంట్ల ఫ్యాను అవసరం పడకపోవుడు నిజమే, కరెంటు ఉంటె గద.) సారు చాయ్ గ్లాసు కింద పెట్టి నా దిక్కు అదోలా సూసిండు. "అయితే నువ్వే కరెక్ట్ తమ్ముడూ. ఆదివారం ఒకసారి మా ఇంటికి రా" అన్నడు. నేను ప్రమోషన్ అనుకొని ఇస్త్రీ అంగి ఏసుకొని పోయిన.

పోతె హాల్ల ఒక అద్దాల తొట్టి ఉన్నది. అంతకుముందు నేను చేపలను సూసింది రెండే తీర్ల, వలల ఎగిరేటివి, గిన్నెల ఉడికేటివి. ఊకె ఉండి, ఏ పనీ లేకుండ, సూసెటందుకు మాత్రమే బతికే చేపను సూసుడు అదే మొదలు. ఏలు అంత పొడుగు కూడ లేవు. లేత గోధుమ రంగు ఒళ్లు, కంటి కాడ నుంచి తోక దాక ఒక సన్నటి బంగారు గీత, తోక మొదట్ల ఎవరో కుంకుమ బొట్టు పెట్టినట్టు ఎరుపు. అన్నీ ఒక్కసారి ఇటు తిరిగితె ఆ గీతలన్నీ ఒక్కసారి వెలిగినయి. అటు తిరిగితె ఆరిపోయినయి. వాటికి ఎవరు చెప్తున్నరు, ఎట్ల వినవడుతున్నది అని నేను తొట్టి ముందట గట్లనే నిలవడ్డ. సారు భార్య చాయ్ తెచ్చి పక్కన పెట్టిందంట, నేను సూడలె. రెండు పోతు చేపలు ఎదురెదురుగ వచ్చి రెక్కలన్నీ ఇప్పి ఒకదాని చుట్టు ఒకటి తిరుగుతుంటె కొట్లాట అనుకొని భయపడ్డ. కొట్లాట కాదంట, ఎవరి రెక్కలు అందమో సూపించుకునుడంట. గంతటి పెద్దమనిషి తీరు మనుషుల్ల కూడ నేను సూడలె.

"వైట్ క్లౌడ్స్ అంటారు తమ్ముడూ. చైనాలో ఏదో కొండ మీద చల్లటి కాలవల్లో పుట్టిన జాతి. వీటికి హీటరు అక్కర్లేదు, గట్టి ప్రాణాలు. నీళ్లు చల్లగా ఉంటే చాలు, ఇంకేం అడగవు" అన్నడు సారు. సంగతి ఏందంటె, కంపెనీ ఆయనను ఎండకాలం అంత బెంగళూరు పంపుతున్నది, భార్య బిడ్డ పుట్టింటికి పోతున్నరు, ఇల్లు మూసేస్తున్నరు. చేపలకు చల్లటి ఊరు కావాలె. చల్లటి ఊరు మాది అని నేనే చెప్పిన. అప్పుడు సారు బిడ్డ వచ్చింది, రెండో తరగతి పిల్ల. తొట్టి మీద చెయ్యి పెట్టి నా దిక్కు తిరిగి, "అంకుల్, ఏదన్నా చచ్చిపోతే అలాంటిదే ఇంకోటి కొనేసి పెట్టేయొద్దు. నాకు ఒక్కోటీ గుర్తే. ఒట్టు వేయండి" అన్నది. నేను ఒట్టు ఏసిన. ఉద్యోగం కాయిదం సంగతి ఆ నిమిషానికి మరిచిపోయిన. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరుగుతుండె, ఏడవొద్దని పెదవి కొరుక్కుంటుండె. బడి తెరిచే నాటికి ఒక్కటి తక్కువ కాకుండ ఇచ్చెయ్యాలె. నా బతుకుల నేను ఎత్తుకున్న మొదటి పెద్ద బాధ్యత అదే, ఏలు అంత పొడుగు కూడ లేదు.

సారు కారుల తొట్టి మా ఇంటికి వచ్చింది. గోడకు ఆనించి, బరువు మోసేటట్టు, ఎండ పడనట్టు పెట్టాలె అంటె మా ఇంట్ల అసుంటి జాగ ఒక్కటే, నడిమి అర్రల అవ్వ సందుగ. అవ్వ అంటె మా బాపు తల్లి. ఇంట్ల అందరం ఆమె మాట మీదనే నడుస్తుంటిమి, ఆమె మాత్రం ఎవరి మాట మీద నడవకపోయేది. పొలం పోయి వచ్చేసరికి సందుగ మీద తొట్టి ఉన్నది. "నా సందుగ మీద చెర్వు పెట్టిండ్రా" అన్నది. పండనీకి పోయే ముందట మళ్ల ఒకసారి అన్నది. ఇగ ఆ సందుగ తెరవరాదు, అందుల ఆమె తమాకు డబ్బా ఉన్నది. ఆనాటి నుంచి అవ్వ ఆ చేపల మొఖం సూడలె. అర్రలకు వస్తె తల అటు దిక్కు తిప్పుకొని పోతుండె. "సీనా పరకలకు మేడ, నాకు మంచం" అని మా అమ్మకు చెప్తుండె (పరకలంటె మా దిక్కు చిన్న చేపలు).

ఎండలు ముదిరినయి. మా ఊరు చల్లగ ఉంటదని నేను చెప్పిన మాట పైనున్న సూర్యునికి వినవడ్డదేమో, ఆ ఏడు మా మీద పగవట్టిండు. పగటీలి కరెంటు పోతె పొద్దుగూకితె గని రాకపోయేది. మధ్యాహ్నం తొట్టిల ఏలు పెడితె స్నానానికి కాగవెట్టిన నీళ్ల లెక్క ఉన్నది. చేపలు పైకి వచ్చి నోర్లు తెరుస్తున్నయి, బంగారు గీత మసక పడ్డది. చల్లనీళ్ల చేపలు గద అని నేను మొయినాబాద్ల సోడా దుకాణం నుంచి ఐసు ముక్కలు తెచ్చి తొట్టిల ఏసిన. ఒక చేప పక్కకు ఒరిగింది.  జర సేపటికి అదే తేరుకొని, నా దిక్కు ఒక సూపు సూసి, ఏం కానట్టు ఈతకు పోయింది. నేను దానికి చేతులు జోడించిన. అప్పటి నుంచి ఐసును ప్లాస్టిక్ కవర్ల కట్టి నీళ్ల మీద తేలవిడుస్తుంటి. నేను ఆఫీసుకు పోతె మా అమ్మ చేస్తుండె. గట్టి పాణాలు అన్న మాట నిజమే. మా ఎండకు, నా తెలివికి, రెండింటికి తట్టుకున్నయి అవి.

గిట్ల నెట్టుకొస్తున్నప్పుడు ఒక శనివారం అవ్వ కొత్తిమీర మడి కాడ కళ్లు తిరిగి పడ్డది. ఎండదెబ్బ. బాపు ఆటో మాట్లాడి చేవెళ్ల దవాఖానకు తోల్కపోయిండు, నేను టీవీఎస్ బండి మీద ఎనుక పోయిన. సెలైను పెట్టిండ్రు, సూది ఇచ్చిండ్రు. "ఫికర్ లేదు, ముసలామె గట్టిది. సూదికి నిద్ర వస్తది, పండనీయిండ్రి. తడిబట్ట కప్పి తీస్కపోండ్రి" అన్నడు డాక్టరు. పాణం కుదుటపడ్డది. కుదుటపడంగనే చేపలు యాదికి వచ్చినయి. మొయినాబాద్ సోడా దుకాణం కరెంటు లేక రెండు దినాలుగ మూసి ఉన్నది. చేవెళ్లల అయితె గడ్డలు అమ్మే దుకాణం దవాఖాన దగ్గర్లనే ఉన్నది. ఆయన ముక్కలు అమ్మడంట, తక్కువల తక్కువ అర్ధగడ్డ. నేను దవాఖాన దిక్కు నుంచి వచ్చుడు సూసిండు, నా మొఖం సూసిండు, ఇగ ఏం అడగలె. అన్నింట్ల తెల్లటి గడ్డ ఏరి, గోనెసంచిల చుట్టి, తనే మోసుకొచ్చి నా బండి మీద పెట్టి, భుజం మీద చెయ్యేసి ఒత్తిండు. ఎంత మంచి మనిషి, చేపల మీద గింత ప్రేమ ఉన్నోన్ని నేను సూడలే అనుకున్న.

ఇగ దృశ్యం మీరే సూడుండ్రి. ముందట ఆటో. ఆటోల సీటు మీద అవ్వ అడ్డంగ పండుకొని ఉన్నది, ఎండ తగలొద్దని తెల్లటి తడి దుప్పటి మొఖం మీది దాక కప్పినం, పాదాలు బాపు ఒళ్లె ఉన్నయి. బాపు పొద్దటి సంది తిండి లేక తల వంచుకొని కూసున్నడు. ఎనుక నేను, నా ఎనుక నీళ్లు కారుకుంట ఐసుగడ్డ. అది మూఢం నెల, పెండ్లిళ్లు లేవు. అంటె ఐసుగడ్డకు ఒక్క అర్థమే మిగిలింది, ఆ సంగతి నాకు తప్ప అందరికి యాదికి ఉన్నది.

మా ఊరి మలుపు కాడ ఒక చాయ్ హోటల్ ఉండె. దాని యజమానిని అందరు రేడియో మామ అంటుండె. హోటల్ల రేడియో ఎప్పుడో చెడిపోయింది, అప్పటి నుంచి ఆ పని ఆయనే చేస్తుండె. ఆటో ముందట పోయింది. సరిగ్గ హోటల్ ముందట నా బండి మీద తాడు వదులయి గడ్డ జారింది. రేడియో మామ గ్లాసు పక్కన పెట్టి, భుజం మీది తువ్వాల చేతుల పట్టుకొని ఉరికొచ్చిండు. ఇద్దరం కలిసి తాడు బిగిస్తున్నం.

"ఎట్లయింది బిడ్డా" అన్నడు మెల్లగ.

"ఎండకు ఆగలేదు మామ" అన్న. నాకు పొద్దున నోర్లు తెరిచిన చేపలే కండ్లల్ల ఉన్నయి.

"నిన్ననే సూస్తి గద, మంచిగనే ఉండె."

"నిన్న మంచిగనే ఉండె. ఇయ్యాల పొద్దుగాల సూస్తె పనైపోయినట్టే అనిపించింది."

ఆయన కండ్లు ఒత్తుకున్నడు. నా చేపల కోసం కండ్లు ఒత్తుకునే మనుషులు దినాం పెరుగుతుండ్రు. "ఈ గడ్డ సరిపోతదా మరి" అన్నడు.

"రేపటి దాక ఆగుతది మామ."

"వచ్చేటోళ్లు ఉన్నరా ఇంక?"

"సారు రావాలె, ఆయన బిడ్డ రావాలె. వాళ్లు వచ్చి సూసుకునే దాక ఎట్లన్న చేసి ఉంచాలె గద. ఒట్టు ఏసిన."

రేడియో మామకు ఇగ వేరే సాక్ష్యం అవసరం పడలె. మా అవ్వ కోసం హైదరాబాద్ నుంచి పెద్ద సారే కుటుంబంతోని వస్తున్నడంటె మా ఇంటి మీద ఆయనకు గౌరవం కూడ పెరిగింది. "నువ్వు ధైర్యంగ ఉండు, మిగతాది నేను సూసుకుంట" అన్నడు. ఏం సూసుకుంటడో నాకు సమజ్ కాలె గని, మంచిమాట గద అని తల ఊపి బండి కొట్టిన.

ఇంటికి పోయేసరికి అవ్వను బాపు నడిమి అర్రల మంచం మీద పండవెట్టిండు, కరెంటు లేదని తడి దుప్పటి గట్లనే నిండుగ కప్పి ఉన్నది, సూదికి నిద్ర పట్టింది. బాపు మందుగోళీలు తేనీకి మొయినాబాద్ పోయిండు. అమ్మ ఎనుక పొయ్యి కాడ జావ కాస్తున్నది. నేను ఎనుక వాకిట్ల గడ్డను రోకలితోని పగులగొడ్తున్న. అప్పుడు ముందట దిక్కు నుంచి ఏడుపు వినవడ్డది. ఒక గొంతు మొదలు పెట్టింది, పది గొంతులు అందుకున్నయి. నేను రెండు చేతులల్ల ఐసు ముక్కలు పట్టుకొని గట్లనే లోపలికి ఉరికిన. నన్ను, నా చేతులల్ల ఐసును సూసి ఏడుపు ఇంక రెండింతలు అయింది.

అందరికంటె ఎక్కువ ఏడుస్తున్నది పక్కింటి చిన్నమ్మ. ఆమెకు, మా అవ్వకు ఏండ్ల సంది మాటల్లేవు. మా మునగచెట్టు కొమ్మ ఒకటి వాళ్ల గోడ మీదికి వంగి ఉంటది. ఆ కొమ్మకు కాయలు ఎన్నడూ ముదిరిన పాపాన పోలె. అడిగితె కోతులన్నది చిన్నమ్మ. ఇప్పుడు ఆమె మంచం పట్టె మీద తల పెట్టుకొని రాగం తీస్తున్నది. "ఓ నా అత్తా, బంగారు అత్తా, నీ మునగకాయలన్ని నేనే తెంపుకుంటినే, కోతులని చెప్తినే, నీ మనసు నొప్పిస్తినే, నా అత్తా."

దుప్పటి లోపల నుంచి మెల్లగ ఒక గొంతు వచ్చింది. "అంటె తెంపింది నువ్వేనాయె."

 చిన్నమ్మ నోరు రాగం మధ్యల గట్లనే తెరిచి ఉన్నది. ఒకామె ఎనుకకు ఎనుకకే గడప దాటి పోయింది. అవ్వ దుప్పటి గుంజి పారేసి, లేచి కూసొని, చుట్టూ సూసింది. "ఎవరు పోయిండ్రే?" అన్నది.  అవ్వ ఒక్కొక్కల మొఖం సూసి, ఆఖరుకు తనే అర్థం చేసుకున్నది. కోపం చేస్తదనుకున్నం. చెయ్యలె. ఆమె మొఖంల ఒక వింత ఎలుగు వచ్చింది. "గింతమంది వచ్చిండ్రా నాకోసం" అన్నది. మళ్ల చిన్నమ్మ దిక్కు తిరిగి, "నువ్వు సుత వస్తివి" అన్నది. చిన్నమ్మ ఈసారి రాగం లేకుండ ఏడ్చింది, అవ్వ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. ఏండ్ల పంచాయితి అంతటితోని తెగిపోయింది.

గంతలనే జన్వాడ నుంచి మేనత్త వచ్చింది, అవ్వ బిడ్డ. రేడియో మామ ఫోను చేసిండంట. ఆటో దిగి వాకిట్ల పడి ఏడ్చుకుంట లోపలికి వస్తె తల్లి మంచం మీద కూసొని జావ తాగుతున్నది. అత్త ఏడుపు ఆపుడు మరిచిపోయి గట్లనే పక్కన కూలబడ్డది. అవ్వ గిన్నె కింద పెట్టి, నా చేతులు సూసింది. ఐసు సగం కరిగి మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నయి.

"గడ్డ ఎవరికి రా మరి?"

అబద్ధం చెప్పనీకి జాగ లేదు. "శాపలకు అవ్వా" అన్న.

"శాపలకు" అన్నది అవ్వ. "గా పరకలల్ల ఏమున్నదో నేను సుత సూస్త, లేపు" అన్నది. నేను, అత్త చెరో రెక్క పట్టుకొని లేపి సందుగ కాడికి నడిపించినం. అప్పుడే పడమటి కిటికిల నుంచి ఎండ ఏటవాలుగ వచ్చి తొట్టిల దిగింది. నేను ఐసు కవరు నీళ్ల మీద వదిలిన. ఒక మూలకు నోర్లు తెరుచుకొని ఉన్న చేపలు కొంచెం సేపటికి ఒక్కొక్కటే కదిలినయి, గుంపు కట్టినయి, ఒక్కసారి ఇటు తిరిగినయి. గీతలన్నీ ఒక్కసారి వెలిగినయి. అవ్వ చెయ్యి నా భుజాన్ని గట్టిగ పట్టుకున్నది. "అబ్బ" అన్నది. చాలసేపు సూసి, "సీనా అంటె ఎంత దూరం?" అన్నది. మస్తు దూరం అన్న. "గంత దూరం నుంచి వచ్చి, మన ఎండల, నా సందుగ మీద... ఎట్ల బతుకుతున్నయి రా" అన్నది. ఆ గొంతుల నేను ఎన్నడూ వినని భక్తి ఉన్నది. ఇగ ఏడ్వనీకి వచ్చినోళ్లందరు చెప్పులు వాకిట్ల ఇడిసి, వరుస కట్టి తొట్టి ముందట నుంచి నడిచిండ్రు. పీనుగను సూడనీకి వచ్చినోళ్లు గద, ఆ అలవాటు మీదనే నిమ్మలంగ, గుసగుసగ నడిచిండ్రు. ఒక ముసలాయన దండం సుత పెట్టిండు. ఎవరికి పెట్టిండో అడగలె.

అంత అయినంక ఒక్క చిక్కు మిగిలింది. రేడియో మామ 'మిగతాది నేను సూసుకుంట' అన్నడు గద, అందుల ఒకటి కుండ. సావుకు కొత్త కుండ కావాలె. కుమ్మరాయన తెచ్చి వాకిలి బయట పెట్టిండు, అది సుత మామూలుది కాదు, అవ్వ పెద్దమనిషి అని మర్యాదకు పెద్దది, ఎడల్పు మూతిది ఏరి తెచ్చిండు. ఇప్పుడు సావు లేదు. వాపసు తీస్కపొమ్మంటె ఆయన చేతులు ఎనుకకు పెట్టుకున్నడు. సావు పేరు మీద ఇల్లు దాటిన కుండ మళ్ల ఇంటికి పోవద్దంట. లోపలికి తెస్త అంటె మా అమ్మ గడపకు అడ్డం నిలవడ్డది. సావుకుండ ఇంట్లకు రావద్దు, పలుగగొట్టండ్రి అన్నది. గొడవ పెద్దగయింది. అవ్వ కట్టె పట్టుకొని వాకిట్లకు వచ్చింది. కుండ చుట్టు ఒకసారి తిరిగి, ఏలుతోని కొట్టి సప్పుడు విన్నది. "మంచి కుండ తెచ్చిండు" అన్నది మెచ్చుకుంట. "నా పేరు మీద వచ్చింది, నాది. పలుగగొడ్తె నన్ను పలుగగొట్టినట్టే. అందుల నీళ్లు పోసి గా పరకలను ఇడువుండ్రి. నా సందుగ నాకు ఖాళీ అయితది."

"సావుకుండల పాణమున్నవాటిని ఏస్తరా అత్తా" అన్నది అమ్మ.

"పాణమున్నవి అందుల తిరుగుతుంటె అది సావుకుండ ఎట్లయితదే" అన్నది అవ్వ. అమ్మ గడప కాడి నుంచి జరిగింది. గోడ పొంటి జామచెట్టు నీడల, ఇంటికి లోపల కాదు బయట కాదు అన్నట్టు, ఇసుక పోసి కుండను కూసోవెట్టినం. తొట్టిల నాచుతోని సహా చేపలను అందుల ఇడిసినం. తెల్లారి నేను ఏలు పెట్టి సూస్తె నీళ్లు చల్లగ ఉన్నయి. కొత్త మట్టికుండల నీళ్లు చల్లగ ఉంటయని ఎవరికి తెల్వదు? మా ఇంట్ల మట్టి రంజన్ల నీళ్లు తాగుకుంటనే నేను నెల దినాలు ఐసు కోసం తిరిగిన. అవ్వకు సుత అది తట్టలె, ఆమె సందుగ కోసం చెప్పింది. అందరం కలిసి తెలివి లేకుండ ఉండి ఒక మంచి పని చేసినం.

ఇగ అవ్వకు కొత్త ఉద్యోగం దొరికింది. పొద్దుగాల లేవంగనే కుండ చుట్టు తడి గోనెబట్ట కట్టుడు, పగలంత చెంబుతోని దాని మీద నీళ్లు చిలకరించుడు. ఎండల పొలం పోయే ముచ్చటే మరిచిపోయింది, ఆమె తేరుకున్నది సుత అందుకే అని మా బాపు అంటుండె. పక్కింటి చిన్నమ్మ మునగాకు తెంపనీకి వచ్చి (ఇప్పుడు అడిగి తెంపుతున్నది) ఆమె పక్కన కూసుంటుండె. పైనుంచి సూస్తె కుండల నీళ్లు నల్లగ ఉంటయి, ఆ నలుపుల సన్నటి గీతలు ఎలిగి ఆరుతుంటయి. పొద్దుగాల నేను, అవ్వ తలలు ఆనించి సూస్తుంటిమి. ఆమె నాకు చిన్నప్పుడు సుక్కలు సూపించింది, నేను ఆమెకు ఇవి సూపిస్తున్న అనిపిస్తుండె. ఒకనాడు ఆమె నా చెయ్యి పట్టి గుంజింది. "అంచు కాడ సూడు, దుమ్మా?" అన్నది. దుమ్ము కాదు. దుమ్ముకు కండ్లు ఉండవు. ఎంటిక ముక్క అంత ఉన్నది, రెండు నల్ల సుక్కల కండ్లు, అంత చిన్నదానికి సుత తోక ఊపుడు వచ్చు. నాచు కాడ ఇంకొకటి, ఇంకొకటి. మేమిద్దరం ఊపిరి తీసుకునుడు ఆపినం, ఊపిరికి చెదిరిపోతయేమో అని.

మిర్గం కార్తె పోయినంక వానలు పడంగనే సారు, ఆయన భార్య, బిడ్డ కారుల వచ్చిండ్రు. పిల్ల ఉరికొచ్చి కుండ మీద వంగింది. పెదవులు కదుపుకుంట ఒక్కొక్కదాన్ని గుర్తు పడుతున్నది. నాకు పరీక్ష రిజల్టు సూసినప్పుడు సుత గంత భయం కాలె. పిల్ల తలెత్తి, "అంకుల్, అన్నీ ఉన్నాయి. ఇంకా ఎక్కువున్నాయి" అన్నది. "ఎక్కువ ఎలా ఉంటాయండీ" అన్నడు సారు, ఆగమాగంల నాకే అండి పెట్టేసిండు. అవ్వ ముసిముసిగ నవ్వుకుంట, "నా సావుకుండల పుట్టినయి బిడ్డా" అన్నది. సారు ఆమె దిక్కు, కుండ దిక్కు, నా దిక్కు సూసిండు. నేను మొత్తం చెప్పిన. సారు భార్య నవ్వి నవ్వి జామచెట్టు పట్టుకున్నది. సారు మాత్రం నవ్వలె, కుండ ముందట గొంతు కూసొని చానాసేపు లోపలికి సూసి, "మా ఏసీలో మూడేళ్లున్నాయి తమ్ముడూ, ఒక్క పిల్ల పెట్టలేదు" అన్నడు. పిల్ల తన చేపలన్ని తీస్కపోయింది, కుండల పుట్టిన పిల్లలను అవ్వకే ఇడిసింది. ఉద్యోగం కాయిదం తర్వాత నెల వచ్చింది. అది చేపలకు వచ్చిందా నాకు వచ్చిందా అని నాకు ఇప్పటికి అనుమానమే.

అవ్వ ఆ తర్వాత మస్తు ఏండ్లు బతికింది. కుండల చేపల బిడ్డలు, మనుమలు అయినయి. "నేను నిజంగ పోయిననాడు ఇప్పుడు పీనుగలకు అద్దెకు తెస్తున్నరు గద, నాకు గా ఫ్రీజరు డబ్బా వద్దు రా. ఆనాడు నా పేరు మీద తెచ్చి శాపలకు పెట్టినవు, నా గడ్డ నాకు తేవాలె" అని నవ్వుకుంట చెప్తుండె. ఒక చలికాలం పొద్దుగాల నిజంగనే పోయింది, నిద్రలనే. నేను చేవెళ్ల పోయి అర్ధగడ్డ తెచ్చిన. అప్పటికి నాకు కారు ఉన్నది, అయినా బాపు పాత టీవీఎస్ మీదనే పోయిన. మా ఊరి మలుపు కాడ రేడియో మామ అరుగు మీద కూసొని ఉన్నడు, ముసలోడయిండు. బండి మీద గోనెసంచి, కారుతున్న నీళ్లు సూసిండు. ఈసారి లేచి నిలవడలె. పండ్లు లేని నోటితోని నిండుగ నవ్విండు.

"చలికాలంల సుత ఐసేనా రా కంప్యూటరు. శాపలు మంచిగున్నయా?"

నాకు చెప్పబుద్ధి కాలె. ఆ నవ్వును ఇంకో నిమిషం ఉండనీయాలె అనిపించింది. "మంచిగున్నయి మామ" అన్న, బండి పోనిచ్చిన. అద్దంల నా మొఖం కనవడ్డది. చేపల కోసం ఏడుపుమొఖం పెట్టుకొని ఇదే దారిల పోయిన ఆ పోరడు యాదికి వచ్చిండు. వాని భుజం మీద చెయ్యేసి ఒత్తాలె అనిపించి, ఒక్కన్నే నవ్వుకున్న. ఇంటి ముందట దిగేసరికి జామచెట్టు కింద కుండల గీతలు ఎలుగుతున్నయి.